టాల్‌స్టాయ్ – గాంధీజీ : ఏడు ఉత్తరాల స్నేహం

మహాపురుషుల గ్రంథాలు వారి మేధస్సును మనకు తెలియజేస్తాయి. వారి ఉత్తరాలు వారి మనస్సును తెలియజేస్తాయి. గ్రంథం వ్రాసేటప్పుడు రచయిత ఎదుట లోకమంతా ఉంటుంది. ఉత్తరం వ్రాసేటప్పుడు ఒక్క మనిషే ఉంటాడు. ఆ ఒక్క మనిషిని ఒప్పించవలసి వచ్చినప్పుడు, అతనితో విభేదించవలసి వచ్చినప్పుడు, మనం నమ్మిన ధర్మం మనలో ఎంత లోతుకు దిగినదో బయటపడుతుంది.

1909 అక్టోబరు మొదలు 1910 సెప్టెంబరు వరకు, ఏడాదికి కొంచెం తక్కువ కాలంలో, ఇద్దరు మనుషుల మధ్య ఏడు ఉత్తరాలు నడిచాయి. వారిలో ఒకరు రష్యా దేశపు మహారచయిత లియో టాల్‌స్టాయ్. రెండవవారు దక్షిణాఫ్రికాలో భారతీయుల హక్కుల కోసం పోరాడుతున్న న్యాయవాది మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. గాంధీజీ నాలుగు ఉత్తరాలు వ్రాశారు. టాల్‌స్టాయ్ మూడు వ్రాశారు. ఇద్దరూ ఏనాడూ ఒకరినొకరు చూచుకొనలేదు.

టాల్‌స్టాయ్ గురువు, గాంధీజీ శిష్యుడు అని చెప్పి ఈ విషయాన్ని ముగించడం మన వక్తృత్వ పోటీలలోను, వ్యాసరచన పోటీలలోను పరిపాటి. అది అసత్యం కాదు, కాని సగం మాట మాత్రమే. ఉత్తరాలను వరుసగా పరిశీలిస్తే కనిపించేది గురూపదేశం కాదు. తమ తమ విశ్వాసాన్ని విడువకుండానే ఎదుటివాని స్వేచ్ఛను మన్నించిన ఇద్దరు స్వతంత్రుల సంభాషణ అది. అహింస అనే మాటకు అర్థం వారు ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఎంత ఉన్నదో, వారు విభేదించిన తీరులోను అంత ఉన్నదని మా అభిప్రాయం. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యుద్ధాన్ని చూచిన రచయిత

టాల్‌స్టాయ్ 1828లో యాస్నయా పొల్యానా అనే తమ స్వంత ఎస్టేటులో, సంపన్నమైన ప్రభు కుటుంబంలో జన్మించారు. 1844లో కజాన్ విశ్వవిద్యాలయంలో అరబ్బీ, తుర్కీ భాషల శాఖలో చేరి, తరువాత న్యాయశాస్త్రానికి మారి, 1847లో పట్టా లేకుండానే చదువు చాలించారు. పిమ్మట సైన్యంలో చేరి కాకసస్ కొండలలోను, క్రిమియా యుద్ధంలోను పనిచేశారు. 1854–55లో సెవాస్తొపోల్ నగర ముట్టడిని కళ్ళారా చూచారు. యుద్ధాన్ని గూర్చి ఆయన చెప్పిన మాటలు గ్రంథాలయంలో కూర్చుని ఊహించినవి కావు. శవాల నడుమ నిలిచి తెలుసుకున్నవి.

‘యుద్ధము – శాంతి’, ‘అన్నా కరెనినా’ అనే మహానవలలు ఆయనకు విశ్వఖ్యాతి తెచ్చాయి. అయితే యాభై ఏళ్ళ వయస్సు సమీపించేసరికి కీర్తి, సంపద, కుటుంబం ఏవీ ఆయనకు తృప్తినివ్వలేదు. జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్న ఆయనను వేధించింది. క్రీస్తు బోధలోని సారమంతా ప్రేమధర్మమేననీ, చెడును హింసతో ఎదిరించరాదన్న బోధను మతాధికారులూ ప్రభుత్వాలూ కలసి మరుగుపరచాయనీ ఆయన నిర్ణయానికి వచ్చారు. ఈ భావాలతో వ్రాసిన ‘దైవరాజ్యం నీలోనే ఉన్నది’ అనే గ్రంథాన్ని రష్యాలో నిషేధించగా అది 1894లో విదేశంలో అచ్చయింది. 1901లో రష్యన్ చర్చి ఆయనను వెలివేసింది.

ఇతర మతాల యెడల ఆయనకు గల ఆదరం మన పాఠకులు ప్రత్యేకంగా గుర్తింపదగినది. 1904లో ఈజిప్టు ముఫ్తీ, ప్రసిద్ధ ఇస్లామీయ సంస్కర్త ముహమ్మద్ అబ్దుహ్‌తో ఆయన ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారు. కాకసస్‌లో రష్యనులను ఎదిరించిన ముస్లిం వీరుని కథను ‘హాజీ మురాద్’ అనే పేరుతో వ్రాశారు. అది ఆయన మరణానంతరం 1912లో వెలువడింది. తనను వెలివేసిన చర్చిని విమర్శించిన ఆ కలమే, తన దేశపు సైన్యానికి శత్రువైన పరమతస్థుని పౌరుషాన్ని గౌరవంతో చిత్రించింది.

ట్రాన్స్‌వాల్ పోరాటం

గాంధీజీ 1893లో ఒక వర్తక సంస్థ వ్యాజ్యం నిమిత్తం దక్షిణాఫ్రికా చేరారు. ఆ తొలి రోజులలోనే టాల్‌స్టాయ్ గ్రంథం ఆయన చేతికి వచ్చింది. 1928లో టాల్‌స్టాయ్ శతజయంతి సందర్భంగా సబర్మతీ ఆశ్రమంలో మాట్లాడుతూ, తాను యౌవనంలో హింసను నమ్మినవాడిననీ, ఈ గ్రంథం చదివిన తరువాతనే అహింసపై అవిశ్వాసం తొలగిపోయిందనీ ఆయన స్వయంగా ఒప్పుకున్నారు. అహింస ఆయనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు. ఆలోచించి, మనస్సు మార్చుకొని సంపాదించినది.

1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఒక చట్టాన్ని ప్రతిపాదించింది. ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి భారతీయుడూ పేరు నమోదు చేయించుకొని, వేలిముద్రలు వేసి, ఆ సర్టిఫికెట్టును ఎల్లవేళలా వెంట ఉంచుకోవాలన్నది దాని సారాంశం. నేరస్థులకు తగిన ఈ నిబంధనను యావత్తు జాతికి వర్తింపజేయడం భారతీయులను గాయపరచింది. 1906 సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గ్‌లోని ఎంపైర్ థియేటరులో మహాసభ జరిగింది. అధ్యక్షులు అబ్దుల్ గనీ. ఆ సభలో సేఠ్ హాజీ హబీబ్ లేచి, ఈ తీర్మానాన్ని ఊరక ఆమోదిస్తే చాలదు, దేవుని సాక్షిగా ప్రమాణం చేయాలన్నారు. ఆ మాట విని గాంధీజీ మొదట ఉలిక్కిపడ్డారు. భగవంతుని పేర చేసిన ప్రమాణాన్ని తప్పరాదనీ, ఒంటరిగా మిగిలినా నిలబడగలమన్న ధైర్యం ఉన్నవారే చేయాలనీ సభికులను హెచ్చరించారు. సభ యావత్తూ నిలబడి ప్రమాణం చేసింది. సత్యాగ్రహానికి జన్మదినం అదే. ఆ జన్మకు కారణమైన మాట ఒక ముస్లిం వర్తకుని నోట వెలువడిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో తరచు కనిపించదు.

1908 ఆగస్టు 16న జోహాన్నెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు ఆవరణలో పెద్ద కడాయిలో భారతీయులు తమ సర్టిఫికెట్లను పోసి తగులబెట్టారు. జైళ్ళు నిండాయి. దుకాణాలు మూతపడ్డాయి. ఈ పోరాటాన్ని ‘సాత్విక ప్రతిఘటన’ అని ఇతరులు పిలిచేవారు. ఆ పేరులో బలహీనుని ధ్వని ఉన్నదని గాంధీజీకి అది రుచించలేదు. ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక ద్వారా తగిన పేరు సూచించండని పాఠకులను కోరారు. మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహం’ అని సూచించగా, దానిని ‘సత్యాగ్రహం’గా సవరించారు.

ఒక వంగ యువకుని ప్రశ్న

ఇదే కాలంలో ఉత్తర అమెరికాలో తారక్‌నాథ్ దాస్ అనే వంగదేశపు విప్లవ యువకుడు ‘ఫ్రీ హిందుస్థాన్’ అనే పత్రిక నడుపుతుండేవాడు. భారత స్వాతంత్ర్యానికి మద్దతు పలుకవలసిందని కోరుతూ 1908లో టాల్‌స్టాయ్‌కి ఉత్తరం వ్రాశాడు. అన్యాయానికి ఎదురుతిరగడం అవసరమే కాదు, ధర్మం కూడా అన్నది అతని వాదం. టాల్‌స్టాయ్ ఆ ప్రశ్నను తేలికగా తీసుకొనలేదు. అనేక చిత్తుప్రతులు వ్రాసి, దిద్ది, అదే సంవత్సరం డిసెంబరులో సుదీర్ఘమైన సమాధానం పూర్తి చేశారు. అదే ‘ఒక హిందువుకు లేఖ’ అనే పేర ప్రసిద్ధి పొందినది. ఆ కాలపు పాశ్చాత్యులు భారతీయులందరినీ హిందువులనే పిలిచేవారు. ఆ పేరును ఆ అర్థంలోనే గ్రహించాలి. మన ప్రాచీన గ్రంథాల సూక్తులను ఆయన ఆ లేఖలో పలుచోట్ల వాడుకున్నారు. వాటిలో తమిళుల తిరుక్కురళ్ కూడా కలదు.

ఆ లేఖలోని ముఖ్యవాదం చదువరిని కలవరపెట్టేది. ఒక వర్తక కంపెనీ ఇరవై కోట్ల జనాన్ని ఎట్లా లోబరచుకోగలిగింది? కొద్ది వేలమంది సామాన్యులు కోట్లాది బలవంతులను జయించడం అసంభవం కదా. కనుక ఆంగ్లేయులు భారతీయులను బానిసలను చేయలేదు. హింసనే నమ్మి, హింసాయంత్రంలో తామే భాగస్వాములై, భారతీయులే తమను తాము బానిసలను చేసుకున్నారని ఆయన వాదించారు. సైన్యంలో చేరవద్దు, పన్నుల వసూలులో పాలుపంచుకోవద్దు, న్యాయస్థానాలలో తోడ్పడవద్దు. అప్పుడు ప్రపంచంలో ఏ శక్తీ మిమ్మల్ని బంధింపలేదన్నది ఆయన సలహా.

ఈ లేఖ ప్రతి ఒకటి 1909లో లండనులో ఒక మిత్రుని ద్వారా గాంధీజీకి అందింది.

లండను నుండి మొదటి ఉత్తరం

అప్పటి లండను వాతావరణాన్ని మనం ఊహించుకోవాలి. 1909 జులై 1న మదన్‌లాల్ ఢీంగ్రా అనే విద్యార్థి కర్జన్ వైలీ అనే ఆంగ్ల అధికారిని కాల్చి చంపాడు. పదిరోజులైనా గడవకముందే గాంధీజీ ట్రాన్స్‌వాల్ భారతీయుల ప్రతినిధిగా ఆ నగరంలో అడుగుపెట్టారు. ఆగస్టు 17న ఢీంగ్రాను ఉరితీశారు. తెలివిగల భారతీయ విద్యార్థులెందరో తుపాకీ తప్ప మార్గం లేదని నమ్మిన రోజులవి. వారితో గాంధీజీ వాదించారు. వారి దేశభక్తిని శంకింపలేదు, వారి మార్గాన్ని మాత్రం అంగీకరింపలేదు.

ఆ రాయబారంలో ఆయన సహచరుడు సేఠ్ హాజీ హబీబే. ఈ సందర్భంలో జరిగిన ఒక ఘటనను గాంధీజీ తరువాత తమ గ్రంథంలో పేర్కొన్నారు. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం కొన్ని రాయితీలు మాత్రమే ఇస్తుందనీ, మూలసూత్రాన్ని ఒప్పుకోదనీ మధ్యవర్తి లార్డ్ ఆంప్‌థిల్ తెలియజేశారు. తాను సంఖ్యలోను ధనంలోను అధికులైన పక్షానికి ప్రతినిధిననీ, వారి తరఫున ఈ రాయితీలను స్వీకరిస్తాననీ హాజీ హబీబ్ అన్నారు. ఆ మాటలను ఒక్క ముక్క పొల్లుపోకుండా ఆంగ్లంలో వినిపించిన దుబాసీ ఎవరో కాదు, గాంధీజీయే. ఆ తరువాత తన మాట చెప్పారు: తాను ప్రతినిధిగా ఉన్న పక్షం సంఖ్యలోను ధనంలోను తక్కువైనదే, అయినా అది చావుకైనా సిద్ధమని. తనకు వ్యతిరేకమైన వాదాన్ని నిజాయితీగా అనువదించి, అనంతరం దానితో విభేదించడం – ఇంతకంటె అహింసకు నిర్వచనం ఏమి కావాలి?

రాయబారం ఫలించే సూచనలు లేని ఆ రోజులలో, 1909 అక్టోబరు 1న, వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్ హోటలు నుండి గాంధీజీ టాల్‌స్టాయ్‌కి మొదటి ఉత్తరం వ్రాశారు. మరునాడు ఆయనకు నలభై ఏళ్ళు నిండుతాయి. టాల్‌స్టాయ్‌కి అప్పటికి ఎనభై ఒకటి.

ఆ ఉత్తరంలో అతిశయోక్తి లేదు, ముఖస్తుతి లేదు. ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు సుమారు 13,000 మంది అనీ, చట్టానికి తలవంచడం ఇష్టంలేక వారిలో దాదాపు సగంమంది ఆ దేశమే విడిచిపోయారనీ, సుమారు 2,500 మంది మనస్సాక్షి కోసం జైలుకు వెళ్ళారనీ, కొందరు ఐదుసార్లు వెళ్ళారనీ, శిక్షలు నాలుగు రోజుల నుండి ఆరు నెలల వరకు ఉన్నాయనీ, చాలామందికి కఠిన శిక్ష పడిందనీ, ఆర్థికంగా అనేకులు నాశనమైపోయారనీ లెక్కలతో తెలిపారు. అటుపిమ్మట మూడు విషయాలు విన్నవించారు. సాత్విక ప్రతిఘటన నీతినీ, ఫలాన్నీ గూర్చి బహుమతితో వ్యాసరచన పోటీ పెట్టడం మీకు సమ్మతమేనా? ‘ఒక హిందువుకు లేఖ’ మీదేనా, 20,000 ప్రతులు అచ్చు వేయడానికి అనుమతిస్తారా? మూడవది అన్నిటికంటె సున్నితమైనది.

ఒక్క మాటపై భేదాభిప్రాయం

లేఖ చివరి భాగంలో టాల్‌స్టాయ్ పాఠకులను వదలుకోమన్న మూఢవిశ్వాసాల జాబితాలో పునర్జన్మ విశ్వాసం కూడా చేరింది. ఆ ఒక్క మాటను తొలగించవలసిందని గాంధీజీ వినయంగా కోరారు. భారతదేశంలోను చైనాలోను కోట్లాది ప్రజలకు అది ప్రాణప్రదమైన విశ్వాసమనీ, ట్రాన్స్‌వాల్ జైళ్ళలో మగ్గుతున్న కొందరికి అదే ఏకైక ఊరట అనీ వివరించారు. ఆ విశ్వాసం సత్యమని మిమ్మల్ని ఒప్పించడం నా ఉద్దేశం కాదన్న భావాన్ని కూడా జోడించారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ప్రపంచప్రఖ్యాతుడైన వృద్ధ రచయితకు, ముక్కూ మొహం తెలియని ఒక న్యాయవాది, మొదటి ఉత్తరంలోనే, మీ రచనలో ఒక మాట తీసివేయండని వ్రాశాడు. భయపడేవాడు ఇట్లా వ్రాయలేడు. గర్వించేవాడు ఇంత వినయంగా వ్రాయలేడు.

అక్టోబరు 7వ తేదీ నాటికే టాల్‌స్టాయ్ సమాధానం సిద్ధమైంది. ఆ ఉత్తరం తనకు ఎంతో ఆనందం కలిగించిందనీ, ట్రాన్స్‌వాల్‌లోని సోదరులకు దేవుడు తోడుగా ఉండాలనీ వ్రాశారు. మృదుత్వానికీ కాఠిన్యానికీ మధ్య, ప్రేమకూ అహంకారానికీ మధ్య జరిగే ఆ పోరాటమే రష్యాలో సైనిక సేవను నిరాకరించే యువకుల రూపంలో నానాటికీ బలపడుతున్నదని తెలిపారు. వ్యాసరచన పోటీని మాత్రం ఆమోదింపలేదు: ధర్మవిషయంలో ధనాశ చూపడం తగదని ఆయన తలంపు. లేఖను అచ్చు వేయడానికీ, అనువదించడానికీ సంతోషంగా అనుమతించారు. ప్రతిఫలం ప్రసక్తే లేదన్నారు.

పునర్జన్మ విషయంలో ఆయన సమాధానం గమనింపదగినది. ఆత్మ అమరత్వంపైన, దైవం న్యాయప్రేమలపైన గల విశ్వాసం ఎంత దృఢమో పునర్జన్మ విశ్వాసం అంత దృఢం కాజాలదనీ, అందువల్ల తానైతే ఆ మాటను తొలగింపననీ, అయినా మీరు తొలగింపదలచుకుంటే మీ ఇష్టమనీ వ్రాశారు. తన అభిప్రాయం మార్చుకొనలేదు; ఎదుటివాని చేయి పట్టి ఆపనూ లేదు. ఈ రెండూ కలసి ఉండగలవని నమ్మడమే కష్టం. ఒకటి ఉంటే రెండవది ఉండని చోటనే మన కలహాలన్నీ పుడతాయి.

గాంధీజీ కూడా టాల్‌స్టాయ్ మాటలన్నిటినీ వేదవాక్కుగా స్వీకరించలేదు. 1909 నవంబరులో దక్షిణాఫ్రికాకు తిరిగి వెళ్తూ ‘కిల్డోనన్ కాజిల్’ అనే ఓడలో ఆ లేఖను గుజరాతీలోకి అనువదించారు. దానికి వ్రాసిన పీఠికలో, టాల్‌స్టాయ్ చెప్పినదంతా అంగీకరించనక్కరలేదనీ, ఆయన పేర్కొన్న కొన్ని విషయాలు సరిగా లేవనీ స్పష్టంగా చెప్పి, మూలసత్యాన్ని మాత్రం హృదయానికి హత్తుకోవాలని కోరారు. అదే ఓడలో, కుడిచేయి అలసిపోతే ఎడమచేతితో కూడా వ్రాస్తూ, ‘హింద్ స్వరాజ్’ పూర్తి చేశారు.

1910 ఏప్రిల్ 4న ఆ గ్రంథం ఆంగ్లప్రతిని టాల్‌స్టాయ్‌కి పంపి అభిప్రాయం అడిగారు. బొంబాయి ప్రభుత్వం అప్పటికే ఆ గ్రంథాన్ని నిషేధించింది. మే 8న వచ్చిన సమాధానం చిన్నది. సాత్విక ప్రతిఘటన భారతదేశానికే గాక యావత్తు మానవజాతికీ అత్యంత ముఖ్యమైన సమస్య అనీ, ఆరోగ్యం బాగుపడిన తరువాత వివరంగా వ్రాస్తాననీ దాని భావం. గాంధీజీ భావాలన్నీ నచ్చినా, వాటిలోని దేశాభిమానం మాత్రం తనకు నచ్చలేదని ఆ రోజులలో టాల్‌స్టాయ్ ఆత్మీయుల వద్ద అన్నారు. దేశభక్తి ఎంతటి పవిత్రమైనదైనా మనిషినీ మనిషినీ వేరుచేస్తుందని ఆయన భయం. పరాధీన దేశంలో పుట్టినవానికి దేశాభిమానం ఊపిరి వంటిదని గాంధీజీ అనుభవం. ఈ భేదం వారి మధ్య చివరివరకు తీరలేదు; తీరనవసరమూ లేకపోయింది.

టాల్‌స్టాయ్ ఫారం

1910 మే నెలాఖరున హెర్మన్ కాలెన్‌బాక్ అనే జర్మన్ యూదు వాస్తుశిల్పి జోహాన్నెస్‌బర్గ్‌కు 21 మైళ్ళ దూరంలోని తన 1,100 ఎకరాల భూమిని సత్యాగ్రహుల కుటుంబాల కోసం అద్దె లేకుండా ఇచ్చారు. దానికి ‘టాల్‌స్టాయ్ ఫారం’ అని పేరు పెట్టారు. ఆగస్టు 15న వ్రాసిన తమ చివరి ఉత్తరంలో గాంధీజీ ఈ విషయం టాల్‌స్టాయ్‌కి తెలియజేశారు.

ఆ ఫారంలో గుజరాతీలు, తమిళులు, ఆంధ్రులు, ఉత్తర భారతీయులు కలసి జీవించారని గాంధీజీ స్వయంగా వ్రాశారు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడలో తొలి కూలీలు డర్బను రేవులో దిగినప్పటి నుండి తెలుగువారు ఆ దేశపు చెరకుతోటలలో చెమటోడ్చుతూ వచ్చారు. కనుక ఈ కథ మనకు పరాయిది కాదు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, పారసీకులు ఒకే వంటశాలలో భుజించారు. మాంసాహారం అలవాటైనవారు అడిగితే, వారికి నిషిద్ధం కాని ఏ మాంసమైనా సరే ఏర్పాటు చేయడానికి గాంధీజీ సిద్ధపడ్డారు. ఆ స్వేచ్ఛ లభించిన మీదట ముస్లింలు, క్రైస్తవులు తామే శాకాహారానికి ఒప్పుకున్నారు. బలవంతం చేసి ఉంటే ఆ ఒప్పుదల దొరికేది కాదు. టాల్‌స్టాయ్ ఉత్తరంలోని నీతియే ఇక్కడ వంటింటిలో ఆచరణకు వచ్చింది.

ఫారం పాఠశాలలో గాంధీజీ తమిళం, ఉర్దూ బోధించారు. ఓడ ప్రయాణంలో నేర్చిన లిపి, ముస్లిం మిత్రుల సాంగత్యంలో అబ్బిన కొన్ని అరబ్బీ, ఫార్సీ పదాలు తప్ప ఉర్దూలో తనకు పాండిత్యం లేదని ఆయన ఆత్మకథలో నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. రంజాన్ మాసంలో ముస్లిం బాలురు రోజా పాటిస్తుంటే, హిందూ, పారసీ బాలురు కూడా ఒంటిపూట భోజనంతో వారికి తోడుగా ఉపవసించారు. ముస్లింలు సూర్యాస్తమయం వరకు ఆగవలసి ఉండగా, ఇతరులు ముందుగా భుజించి, మిత్రుల కోసం రుచికరమైన పదార్థాలు వండి వడ్డించేవారు. అందరూ ఒకటే కావాలని ఎవరూ పట్టుబట్టలేదు. ఎవరి పద్ధతిలో వారుంటూనే కలసి ఉన్నారు.

ఆ పోరాటానికి పరిమితులు లేకపోలేదు. ప్రమాణం చేసినవారిలో అనేకులు నడుమనే తప్పుకున్నారు. ఫారంలో మిగిలినవారు కొద్దిమందే. అది భారతీయుల హక్కుల కోసం జరిగిన పోరాటమే గాని, ఆ నేల స్వంతదారులైన ఆఫ్రికన్ల బాధ అందులోకి రాలేదు. వారిని గూర్చి ఆనాడు గాంధీజీ వ్రాసిన కొన్ని మాటలు నేడు మనకు బాధ కలిగిస్తాయి. మహాత్ములను గౌరవించడమంటే వారి లోపాలను దాచడం కాదు.

పరీక్షలో ఒక బాలిక

1910 సెప్టెంబరులో టాల్‌స్టాయ్ తమ కుమార్తె ఇంట, కొచెటీ అనే చోట ఉన్నారు. అక్కడ నుండి గాంధీజీకి మూడవదీ, అన్నిటికంటె దీర్ఘమైనదీ అయిన ఉత్తరం వ్రాశారు. మృత్యువు సమీపిస్తున్న కొద్దీ తనకు అన్నిటికంటె ముఖ్యమని తోచినదానిని చెప్పాలని ఉన్నదంటూ ప్రారంభించారు. సాత్విక ప్రతిఘటన అంటే వక్రభాష్యాలతో చెడిపోని ప్రేమధర్మమే తప్ప వేరు కాదనీ, ఏ ఒక్క సందర్భంలోనైనా హింసను అనుమతిస్తే ఇక ప్రేమ జీవితధర్మంగా నిలువజాలదనీ వివరించారు.

ఆ ఉత్తరంలో ఆయన ఒక ఘటనను పేర్కొన్నారు. విద్యార్థులు దీనిని మరువరాదు. ఆ సంవత్సరం మాస్కోలోని ఒక బాలికల విద్యాలయంలో మతబోధ పరీక్ష జరిగింది. దైవాజ్ఞలను గూర్చి, ముఖ్యంగా చంపరాదన్న ఆజ్ఞను గూర్చి ప్రశ్నించారు. సరైన జవాబు చెప్పిన ప్రతి బాలికనూ, పరీక్షకు విచ్చేసిన మతాధిపతి మరొక ప్రశ్న అడిగేవారట: చంపడం అన్ని సందర్భాలలోను నిషిద్ధమేనా? అన్ని సందర్భాలలో కాదు, యుద్ధంలోను, నేరస్థులకు మరణశిక్ష విధించడంలోను అనుమతింపబడినదని పిల్లలు నేర్పిన జవాబే చెప్పేవారు. ఒక బాలిక మాత్రం, ముఖం ఎర్రబారగా, ఎల్లప్పుడూ నిషిద్ధమేనని పలికింది. మతాధిపతి ఎన్ని తర్కాలు చెప్పినా తన మాట మార్చుకొనలేదు. చివరకు అంతటి పెద్దమనిషీ మౌనం వహించవలసి వచ్చింది, బాలిక గెలిచింది.

ప్రభుత్వాలు, చర్చీలు, విశ్వవిద్యాలయాలు ఎంత సమర్థించినా, ఆ బాలిక ప్రశ్నకు సమాధానం చెప్పజాలవని టాల్‌స్టాయ్ అభిప్రాయం. అందుచేతనే లోకానికి ఒక మూలగా కనిపించే ట్రాన్స్‌వాల్‌లో మీరు చేస్తున్న పని నేడు లోకంలో జరుగుతున్న పనులన్నిటిలోకి ముఖ్యమైనదని గాంధీజీకి వ్రాశారు.

రెండు నెలలు గడిచాయి. ఇల్లు విడిచి బయలుదేరిన ఆ వృద్ధుడు 1910 నవంబరు 20న అస్తపోవో అనే చిన్న రైల్వేస్టేషనులో, స్టేషను మాస్టరు ఇంట, కన్నుమూశారు. చివరి ఉత్తరం ‘ఇండియన్ ఒపీనియన్’ నవంబరు 26 సంచికలో వెలువడేనాటికి వ్రాసిన చేయి లేదు. అయినా ఆ ఉత్తరం వృథా కాలేదు. 1913లో వేలాది కూలీలు, స్త్రీలు, పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి నడిచారు. 1914లో కూలీలపై గల మూడు పౌనుల పన్ను రద్దయింది. క్రైస్తవేతర వివాహాలకు గుర్తింపు లభించింది.

మనకు మిగిలినది

ఈ ఉత్తరాలను చదివిన తరువాత మాకు తోచినది ఇది. ఇద్దరికీ పరస్పరం అవసరం ఉన్నది. టాల్‌స్టాయ్ వద్ద సిద్ధాంతం ఉన్నది, దానిని ఆచరించే ప్రజాసమూహం లేదు. గాంధీజీ వద్ద జైలుకు సిద్ధమైన ప్రజలున్నారు, కాని తమ దారి సరైనదేనా అన్న ప్రశ్నకు లోకంలో సమాధానం చెప్పేవారు అరుదు. ఆ లోటును ఏడు ఉత్తరాలు పూరించాయి. అందులో అభిప్రాయ భేదాలు కనీసం మూడు ఉన్నాయి. ఏ ఒక్కటీ స్నేహాన్ని తెంచలేదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మన కళాశాల పత్రికను ఒకవైపు నుండి తెరిస్తే తెలుగు, మరొకవైపు నుండి తెరిస్తే ఉర్దూ. రెండు లిపులు రెండు దిక్కుల నుండి బయలుదేరి నడుమ ఒక పుటలో కలుసుకుంటాయి. ఏ లిపీ తన దిక్కు మార్చుకోదు. అయినా రెంటినీ కుట్టిన దారం ఒక్కటే. తరగతి గదిలో, వసతిగృహంలో, రేపు మీరు అడుగుపెట్టే కార్యాలయాలలో భేదాభిప్రాయం రాక తప్పదు. అప్పుడు రెండు పనులు చేయగలరా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. హాజీ హబీబ్ మాటను గాంధీజీ వినిపించినట్లు, మీకు నచ్చని వాదాన్ని వక్రీకరించకుండా మరొకరికి చెప్పగలరా? మాస్కో బాలికవలె, మార్కులు పోయినా మీరు నమ్మిన జవాబు చెప్పగలరా?

మొదటి దానికి వినయం కావాలి, రెండవ దానికి ధైర్యం కావాలి. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు దానికి గాంధీజీ పెట్టిన పేరే సత్యాగ్రహం.